పొడి గొంగడి

లక్సెట్టిపేట
20 నవంబరు 1955

బొగ్గుబాయిలో దిగి మమ్మల్ని మరిచిపోయిన తమ్ముడు రాజలింగుకు అక్క చంద్రవ్వ దీవెనలు.

నీ కూతురు బాలలక్ష్మి బాగుంది. ఆ మాట ముందు రాయకపోతే మిగతా ఉత్తరం నువ్వు చదవవని నాకు తెలుసు. వయసు నాలుగేళ్లే గానీ నోటికి నలభై. బోర్డింగు పిల్లలకు నేను అన్నం పెడుతుంటే నా వెనకే తిరుగుతూ, "అత్తా, గీమెకు జర తక్కువెయ్యి, నిన్న నన్ను గిచ్చింది" అని తీర్పులు చెబుతుంది. తల్లి లేని పిల్ల అని అందరం గారాబం చేసి చెడగొట్టాం.

ఇక అసలు సంగతి. మీ బావ కట్టెకోత పని ఉందని చాందా వైపు పోయి ఏడేళ్లు దాటింది. రజాకార్ల గడబిడ సంవత్సరం పోయిన మనిషి. చచ్చాడో బతికాడో చెప్పినవాడు లేడు. మొన్న మన ఏసు గుడిలో ప్రార్థన అయ్యాక పాస్టరు అయ్యగారు నన్ను ఆపి, "చంద్రవ్వా, ఎల్లేశం జాడ లేక ఏడేండ్లాయె. నువ్వు మళ్ల పెండ్లి చేసుకుంటనంటే సంఘం అడ్డం రాదు" అన్నారు. ఆయన ఊరికే అనలేదు. మా బడిలో లెక్కలు చెప్పే రామచంద్రం సారు ఆయనతో ముందే మాట్లాడి ఉన్నాడు. భార్య పోయి మూడేళ్లయింది, పిల్లలు లేరు. క్రిస్మస్ సెలవుల తర్వాత నిర్మల్ బడికి బదిలీ. నిన్న వంటగది గుమ్మం బయట చెప్పులు విడిచి నిలబడి, "చంద్రవ్వా, నేను నిర్మల్ పోతున్న. ఒక్కన్నే పోవాల్నా?" అని అడిగాడు. బాలలక్ష్మిని కూడా వెంట తెచ్చుకోమన్నాడు.

నీ దగ్గర దాపరికం ఏముంది? నాకు ముప్పై ఒకటి. ఆయన ఆ మాట అడిగినప్పటి నుంచి పప్పులో ఉప్పు వేశానో లేదో గుర్తుండటం లేదు. నాకు ఆయనతో పోవాలని ఉంది. కానీ మీ బావ ఎక్కడో బతికే ఉంటే అది పాపం. సంఘం ఒప్పుకుంటే చాలదు, దేవుడు చెప్పాలి.

బైబిల్లో, పాత రోజుల్లో ఒకడు కళ్లంలో గొర్రె ఉన్ని పరిచి దేవుణ్ణి గుర్తు అడిగాడని పోయిన ఆదివారం అయ్యగారు చెప్పారు. మన దగ్గర ఉన్ని అంటే గొంగడే. కురుమ మల్లన్న దగ్గర కొత్త గొంగడి తెచ్చి పెట్టాను. క్రిస్మస్ ముందురోజు సాయంత్రం వంటగది వెనక గడ్డిలో పరుస్తాను. తెల్లారేసరికి చుట్టూ గడ్డి మంచుకు తడిసి గొంగడి మాత్రం పొడిగా ఉంటే సారుతో పోతాను. గొంగడి కూడా తడిస్తే మీ బావ కోసం ఉండిపోతాను. అయ్యగారి ముందు, నాతో వంట చేసే సత్తమ్మ ముందు ఈ మాట అనేశాను. ఇక వెనక్కి పోలేను. పండగకు నువ్వు తప్పకుండా రావాలి.

నీ అక్క
చంద్రవ్వ


బెల్లంపల్లి
4 డిసెంబరు 1955

దేవుడికే పరీక్ష పెట్టిన మా అక్కకు రాజలింగు దండాలు.

నీ ఉత్తరంలో సారు సంగతి దాటేసి, గొంగడి సంగతి మా కోటర్లో ఉన్న ముగ్గురికీ చదివి వినిపించాను. ముగ్గురూ నవ్వారు. కోపం తెచ్చుకోకు, నేను కూడా నవ్వాను. గోదావరి ఒడ్డు, డిసెంబరు నెల. ఆరుబయట పలుగు మరిచిపోతే తెల్లారి దానికి నీళ్లు పట్టి ఉంటాయి. గొంగడి పొడిగా ఉంటుందా? నువ్వు దేవుణ్ణి అడగలేదక్కా, జవాబు నువ్వే రాసి కింద సంతకం పెట్టమన్నావు.

నాకు ఈ గుర్తుల మీద నమ్మకం లేదని నీకు తెలుసు. నేను గుడికి వచ్చి కూర్చునేది నీ మొహం చూసి. ఇక్కడ మా వెంకటి ఎడమ కన్ను అదిరితే బాయి దిగడు. వాడికీ నీకూ తేడా ఏమిటో పండగకు వచ్చినప్పుడు చెబుదువు గాని.

రామచంద్రం సారు మంచివాడే, కాదనను. కానీ పిల్ల సంగతి మనిద్దరం కూర్చుని మాట్లాడుకోవాలి. లక్సెట్టిపేట అయితే వీలు దొరికిన ఆదివారం వచ్చి చూసి పోతున్నాను. నిర్మల్ అట్లా వచ్చిపోయే దూరం కాదు. నా దగ్గర ఉంచుకుందామంటే నలుగురు మగవాళ్లం పడుకునే గది. జర పరేషాన్‌గా ఉంది, అంతే.

ఇరవై నాలుగు సాయంత్రానికి వస్తాను. ఇరవై ఐదు మధ్యాహ్నం షిఫ్టు ఉంది, కాబట్టి పొద్దున్నే పోవాలి. కోడికూర పొద్దున్నే వండు.

నీ తమ్ముడు
రాజలింగు


లక్సెట్టిపేట
2 జనవరి 1956

తమ్మికి అక్క రాయునది.

కోడికూర అడిగి వండించుకుని ఒక్క ముద్ద తినకుండా పోయావు. "మీ తమ్ముడు నీ దిక్కు చూడకుంటనే పోయిండు" అని సత్తమ్మ అంది. నా మొహం ఆ పొద్దున చూడదగినట్టు లేదులే.

గొంగడి తడిసింది. అందరితో పాటు నువ్వూ వచ్చి చూశావు. కానీ ఎంత తడిసిందో నీకు తెలియదు. నువ్వు పోయాక సత్తమ్మా నేనూ చెరో కొస పట్టి పిండితే నీళ్లు ధారగా కారాయి. పుట్టినప్పటి నుంచి ఈ మంచు చూస్తున్నాను, మంచుకు అంత తడవదు. "గిది మంచు గాదు చంద్రవ్వా, దేవుడే నీళ్లు పోసిండు" అంది సత్తమ్మ. నిజం తమ్మీ. దేవుడు నన్ను చూశాడు. ఇంతకంటే రాయలేను, అడగకు.

సారుకు చెప్పాను. "గొంగడి మాట కాదు, నీ మాట చెప్పు" అన్నాడు. నా మాట అంటూ ఏమీ లేదన్నాను. ఆయన చెప్పులు తొడుక్కుని పోయాడు. నిన్న పొద్దున బస్సెక్కాడట. నేను వంకాయలు కోస్తూ కూర్చున్నాను, లేచి చూడలేదు.

పిల్ల నా దగ్గరే ఉంటుంది. ఇక ఎక్కడికీ పోము. ఫికర్ చేయకు.

చంద్రవ్వ


బెల్లంపల్లి
19 ఫిబ్రవరి 1956

ప్రభువునందు ప్రియమైన అక్కకు తమ్ముడు రాజలింగు వందనాలు.

ఈ వరస చూసి నవ్వుకుంటావేమో. నవ్వు. పండగ నాటి నుంచి కల్లు ముట్టలేదు. మూడు ఆదివారాలు షిఫ్టు మార్చుకుని మరీ గుడికి పోయాను. వెంకటి నా నుదురు తాకి జ్వరమేమైనా వచ్చిందా అని చూశాడు.

దేవుడు ఉన్నాడక్కా. నేను కళ్లారా చూశాను. ఏం చూశావని అడగకు, నువ్వు చెప్పనట్టే నేనూ చెప్పలేను. బాయి దిగేటప్పుడు ఇదివరకు భయం ఉండేది కాదు. ఇప్పుడు ఉంది. చీకట్లోకి దిగుతుంటే ఎవరో నా పేరు తెలిసినవాడు పైన నిలబడి ఉన్నట్టే ఉంటుంది.

రామచంద్రం సారు దగ్గర నుంచి ఉత్తరం ఏమైనా వచ్చిందా? వస్తే జవాబు రాయమని చెప్పాలని నాలుగుసార్లు కలం పట్టాను. మళ్లీ, గుర్తు వచ్చాక నేను మధ్యలో మాట్లాడటం ఎందుకని ఊరుకున్నాను. నీకొక చీర, పిల్లకు గౌను పంపుతున్నాను.

ప్రభువు సేవలో
రాజలింగు


లక్సెట్టిపేట
29 నవంబరు 1959

తమ్మికి దీవెనలు.

రామచంద్రం సారుకు కొడుకు పుట్టాడట. నిర్మల్‌లో తారాబాయి అనే నర్సును చేసుకుని రెండేళ్లయింది. ఈ కబురు తెచ్చిన సత్తమ్మ నా మొహంలోకే చూస్తూ కూర్చుంది. నేను బియ్యంలో రాళ్లు ఏరుతున్నాను. ఏరడం ఆపలేదు.

నీకొక సంగతి చెప్పాలి. ఇంకొకరి నోట వినకముందు నేనే చెబుతున్నాను. బాలలక్ష్మి సామాన్ల గదిలో బెల్లం తిని, తినలేదంది. మూతికి బెల్లం అంటుకుని ఉంది, అయినా తినలేదనే అంది. అట్లకాడ కాల్చి అరచేతిలో వాత పెట్టాను. పిల్ల అరిచిన అరుపుకు బోర్డింగు పిల్లలందరూ వచ్చి నిలబడ్డారు. "చిన్న పోరి, బెల్లం ముక్కకు గింత శిచ్చనా? నువ్వు మనిషివేనా?" అని సత్తమ్మ నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. మాట్లాడకపోతే పోనీ. అబద్ధం ఆడినవాళ్లను దేవుడు ఏం చేస్తాడో సత్తమ్మకు తెలియదు. నాకు తెలుసు. పెద్దయ్యాక ఆయన చేతిలో పడేకంటే ఇప్పుడు నా చేతిలో కాలడం నయం.

నాలుగేళ్లుగా నేను ఏ ప్రార్థనలోనూ ఏదీ అడగటం లేదు. కూర్చుంటాను, లేచి వస్తాను. నువ్వేమో అక్కడ వందమంది ముందు నిలబడి సాక్ష్యం చెబుతున్నావట. నీ మాటలు విని ముగ్గురు తాగడం మానేశారని అయ్యగారు మురిసిపోయారు. తోడబుట్టినవాడివి గనక దాచను, నాకు ఈర్ష్యగా ఉంది. దేవుడు నీకు ముఖం చూపించాడు, నాకు చేయి చూపించాడు.

ఈ పండగకైనా వస్తావా? మామూలు రోజుల్లో వస్తావు, క్రిస్మస్‌కు మాత్రం రావు.

చంద్రవ్వ


బెల్లంపల్లి
13 డిసెంబరు 1959

ప్రభువునందు ప్రియమైన అక్కకు వందనాలు.

వాత సంగతి చదివి ఆ రోజు అన్నం సయించలేదు. వేరే ఎవరైనా నా పిల్ల చేయి కాల్చి ఉంటే ఏం చేసేవాణ్ణో నాకు తెలియదు. నిన్ను ఏమీ అనలేను. అనే నోరు నాకు లేదు. మంచికే చేసి ఉంటావు. కొబ్బరినూనె రాయి.

సాక్ష్యం చెబుతున్న మాట నిజమే. చూసినదంతా చెప్పను, సగమే చెబుతాను. ఆ సగానికే జనం కన్నీళ్లు పెట్టుకుంటున్నారు. మిగతా సగం ఎప్పుడో ఒకప్పుడు నీకు చెప్పాలి.

క్రిస్మస్‌కు రాలేను. ఇక్కడ నా మీద పని ఉంది.

రాజలింగు


లక్సెట్టిపేట
3 డిసెంబరు 1961

తమ్మీ,

మీ బావ చనిపోయాడు. నిన్న గాక మొన్న కాదు, పదకొండేళ్ల కిందట.

బల్లార్షా కట్టె డిపోలో పనిచేసే సిద్దిరాములు అనే ఆయన చుట్టాల పెళ్లికి ఇటు వచ్చి, మన సంగతి విని వెతుక్కుంటూ వంటగదికి వచ్చాడు. "ఎల్లేశం మాతోనే ఉన్నడమ్మా. యాభైల వానకాలం గత్తర తగిలి, వాంతులు బేదులై రెండు దినాల్ల సచ్చిపోయిండు. నేనే మన్నేసిన. మీకు కబురంపుదామంటె ఊరు పేరు ఎరుకలేకపాయె" అన్నాడు. మీ బావ ఎడమచేతి చూపుడువేలు సగమే ఉండేది కదా, అది కూడా చెప్పాడు. అనుమానం లేదు. గాజులు నేనే తీసేశాను. ఏడుపు రాలేదు.

ఏడుపు వేరే దానికి వచ్చింది. నేను గొంగడి పరిచిన క్రిస్మస్ నాటికి ఆయన మట్టిలో కలిసి ఐదేళ్లు. మరి దేవుడు నన్ను ఎవరి కోసం ఉండమన్నాడు? లేని మనిషి కోసం ఉండమని నీళ్లు పోసి మరీ చెప్పాడా? ఆయనకు తెలియదా? అయ్యగారిని అడిగితే, "దేవుని పనులు మనకు సమజు కావు చంద్రవ్వా" అన్నారు. ఆ మాట నాకు చాలదు. నాకు ముప్పై ఏడు. నా కడుపున ఒక బిడ్డ పుట్టలేదు. చేతికి దొరికిన ఒక్క బిడ్డకు వాత పెట్టాను.

నువ్వు నమ్మకం ఉన్నవాడివి. పదిమందికి చెప్పేవాడివి. నాకు చెప్పు. ఏదో ఒకటి చెప్పు.

చంద్రవ్వ


బెల్లంపల్లి
12 డిసెంబరు 1961

అక్కా,

నీ ఉత్తరం వచ్చి ఐదు రోజులైంది. మూడుసార్లు రాసి చింపాను. ఇది చింపను.

దేవుడు నిన్ను ఉండమనలేదు. పొమ్మన్నాడు. ఆ తెల్లవారుజామున నిద్రపట్టక నేను లేచి వంటగది వెనక్కి పోయాను. చూసి వద్దామనే పోయాను, ఆ ప్రభువు సాక్షి. ఎలాగూ తడిసే ఉంటుంది, చూసి వచ్చి పడుకుందామనుకున్నాను. గడ్డిలో నడుస్తుంటే కాళ్లు చీలమండల దాకా తడిశాయి. వంగి గొంగడి మీద చేయి పెట్టాను. పొడిగా ఉంది. ఈ కొస నుంచి ఆ కొస దాకా తడిమాను. పొడిగా, వెచ్చగా కూడా ఉంది. అక్కా, జీవితంలో మొదటిసారి నేను మోకాళ్ల మీద కూర్చున్నాను.

కూర్చుని ఏం ఆలోచించానో చెబుతాను. నువ్వు నిర్మల్ పోతావు. పిల్లా నీతోనే పోతుంది. నాలుగు నెలలు తిరిగేసరికి సారును బాపు అంటుంది. నేను ఏడాదికి ఒకసారి మిఠాయి పొట్లంతో పోతే, ఎవరో చుట్టం వచ్చాడని నీ కొంగు వెనక దాక్కుంటుంది. ఆ ఒక్క ఆలోచనతో లేచాను. వంటగది గోడ పక్కన నిండు బిందె ఉంది. ఎత్తి గొంగడి మీద పోశాను. ఒక్కచోట కాకుండా అంతటా పోశాను. బిందె మళ్లీ నింపి పెట్టి వెళ్లి పడుకున్నాను.

దేవుడు మాట్లాడగా విన్నవాణ్ణి, విని ఆ మాట మీద నీళ్లు పోసినవాణ్ణి నేను. అందుకే మారాను. గుడిలో నేను చెప్పే సాక్ష్యం ఆ పొడి గొంగడిదే, నీళ్ల సంగతి ఒక్కటి తప్ప.

నువ్వు నన్ను క్షమించకపోయినా ఒక్కటి మాత్రం నమ్ము. దేవుడు నీ మీద కోపగించలేదు. నీకోసం అద్భుతం చేశాడు, నేను చూశాను. నీ జీవితం తిరిగి ఇవ్వలేను గానీ ఆ మాట ఇవ్వగలను. ఈ పండగకు వస్తాను. వచ్చి అయ్యగారి ముందు, సత్తమ్మ ముందు అంతా ఒప్పుకుంటాను.

నీ తమ్ముణ్ణని చెప్పుకోవడానికి సిగ్గుపడుతూ
రాజలింగు


లక్సెట్టిపేట
22 డిసెంబరు 1961

రాజలింగుకు,

పండగకు రావద్దు. ఈ ఉత్తరం బాలలక్ష్మి చేతికిచ్చి పంపుతున్నాను. సత్తమ్మ మంచిర్యాల దాకా బస్సులో, అక్కడి నుంచి రైల్లో తెచ్చి నీకు అప్పజెబుతుంది. ఇది చదివేటప్పటికి పిల్ల నీ ముందు నిలబడి ఉంటుంది.

నీ ఉత్తరం చదివి మొదట నవ్వు వచ్చింది. పిచ్చిదానిలా చాలాసేపు నవ్వాను. ఎందుకో చెబుతాను, విను.

గొంగడి పొడిగా ఉంచింది దేవుడు కాదు. నేను.

ఆ డిసెంబరులో నువ్వు రాసిన ఉత్తరం చదివి నాకు భయం పట్టుకుంది. ఈ మంచులో గొంగడి తడవకుండా ఉండదని నువ్వు రాశావు. నిజమే కదా అనిపించింది. అందరి ముందు మాట ఇచ్చేశాను, ఇక తడిస్తే నా బతుకు అంతే. సాయంత్రం అందరి ముందు గొంగడి పరిచాను. అందరూ పడుకున్నాక దాన్ని లోపలికి తెచ్చి, పొయ్యి పక్కన కప్పుకుని పడుకున్నాను. కోడి కూయకముందే తీసుకుపోయి అదే చోట పరిచాను. నీ చేతికి వెచ్చగా తగిలింది నా ఒళ్లు. నా మనసు దేవుడికి తెలుసు, ఇంత చిన్న సాయం చేస్తే ఆయన ఏమీ అనుకోడని నాకు నేనే చెప్పుకున్నాను. తర్వాత బోర్డింగు ముంగిట్లో స్నానానికి నీళ్లు కాచుకుని, తల దువ్వుకుని, సాక్ష్యానికి సత్తమ్మను లేపి వెంట తెచ్చుకున్నాను. వచ్చేసరికి గొంగడిలో నీళ్లు నిలబడి ఉన్నాయి.

నేను పొడిగా పరిచిన గొంగడి. గంటైనా కాలేదు. నువ్వే చెప్పు, నేనేమనుకోవాలి? నా దొంగతనం దేవుడు పట్టుకున్నాడనుకున్నాను. ఆరేళ్లు అట్లాగే బతికాను. సారును పంపించింది మీ బావ మీద ప్రేమతో కాదు, ఆ నీళ్ల భయంతో. పిల్ల చేయి కాల్చిందీ ఆ భయమే. నువ్వేమో నా ఒంటి వెచ్చదనం తడిమి దేవుడనుకుని, వందమందికి చెప్పావు. ఆ గొంగడి ఎత్తి ఒక్కసారి కింద చూసి ఉంటే గడ్డి నిండా మంచు కనిపించేది. అది అప్పుడే పరిచిందని నీకు తెలిసిపోయేది. నువ్వు చూడలేదు. నీకు చూడాలని లేదు.

దేవుడు ఆ పొద్దున మన వంటగది వైపు రానే లేదు రాజలింగూ. ఉన్నది మనిద్దరమే. నువ్వు నీళ్లు పోయకపోతే నేను ఆ అబద్ధంతోనే పోయి, సుఖంగా సంసారం చేసుకునేదాన్ని. ఆ వందమందికి ఏం చెప్పుకుంటావో నీ ఇష్టం. నా పేరు మాత్రం తీయకు.

పిల్లకు ఏమీ చెప్పలేదు. బస్సు ఇంకా కదల్లేదు, ఈ చివరి మాటలు దాని పక్కన నిలబడి రాస్తున్నాను. బస్సెక్కేటప్పుడు కడ్డీ పట్టుకుని వదలలేదు. "అత్తా, నేనేం తప్పు చేసిన? అబద్ధం ఆడలే, అడుగు సత్తమ్మను" అని ఏడుస్తూనే ఉంది. వేళ్లు ఒక్కొక్కటీ విడదీసి లోపలికి నెట్టాను. నువ్వు నా బతుకంతా ఇచ్చి కొనుక్కున్న మాట ఒకటుంది కదా. పిల్లను అడిగి ఇప్పుడు ఆ మాట అనిపించుకో. పదేళ్ల పిల్ల, నిన్ను బాపు అని పిలవడానికి ఎవరూ అడ్డం లేరు.

చంద్రవ్వ